బెలూన్ పెట్టెలో ఎత్తు కొలవడానికి ఏది మేలు: జీపీఎస్సా, ప్రెషర్ సెన్సరా?

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఉండేవాళ్లకి పెద్ద బెలూన్లు కొత్తేం కాదు, టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం అక్కడే కదా. నేను చెప్పేది మాత్రం కాలేజీ పిల్లలు అనుమతి తీసుకుని ఎగరేసే చిన్న రబ్బరు బెలూన్ గురించి, దాని కింద వేలాడే థర్మోకోల్ పెట్టె గురించి.

పోయినసారి మా పెట్టెలో గైగర్ కౌంటర్, అంటే రేడియేషన్‌ని లెక్కపెట్టే పరికరం, భేషుగ్గా పనిచేసింది, కానీ ఆ అంకెల పక్కన రాసుకోవడానికి ఎత్తే లేదు. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ప్రెషర్ సెన్సర్ ఎత్తు లెక్కగట్టేది దాన్నిబట్టే. మేం పెట్టిన బీఎంపీ280 ప్రెషర్ సెన్సర్ 300 హెక్టోపాస్కల్స్ (ఒత్తిడి కొలత) వరకే కొలుస్తుంది, అంటే 9 కిలోమీటర్లు దాటాక దాని మాట నమ్మలేం. జీపీఎస్ ఏమో 12 కిలోమీటర్ల దగ్గర మూగబోయింది, మా యూ-బ్లాక్స్ జీపీఎస్ మాడ్యూల్‌ని ఎయిర్‌బోర్న్ మోడ్‌లోకి (గాల్లో ఎగిరేవాటి కోసం ఉండే సెట్టింగ్) మార్చడం మర్చిపోయాం. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల కౌంటర్ అంకెలు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది 15–20 కిలోమీటర్ల మధ్యన. సరిగ్గా అక్కడే మా పట్టికలో ఎత్తు గడులన్నీ ఖాళీ! ఆ ఫైలు తెరిస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

మోడ్ మారిస్తే జీపీఎస్ 50 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది, ఎత్తు పెరిగేకొద్దీ తప్పు పెద్దగా పెరగదు. ప్రెషర్ సెన్సర్‌తో చిక్కు ఏంటంటే, నేల దగ్గర ఒక్క హెక్టోపాస్కల్ తేడా వస్తే 8, 9 మీటర్లతో పోతుంది, అదే తేడా 30 కిలోమీటర్ల దగ్గర వస్తే అర కిలోమీటరు దాటేస్తుంది. ఎత్తు ఒక్కటే కావాలంటే జీపీఎస్సే, ఇందులో వాదన లేదు.

కానీ గైగర్ కౌంటర్‌కి కావలసింది అసలు ఎత్తు కాదండీ, నెత్తిమీద ఇంకా ఎంత గాలి మిగిలి ఉందన్నది. కిరణాలను అడ్డుకునేది ఆ గాలే, దాన్ని నేరుగా చెప్పేది ప్రెషర్ సెన్సరే. 10 హెక్టోపాస్కల్స్ దాకా కొలిచే ఎంఎస్5611 అనే ప్రెషర్ సెన్సర్ పెడితే దాదాపు 30 కిలోమీటర్ల వరకు దిగుల్లేదు, బరువు కూడా లెక్కలోకి రాదు.

ఒక్కటే పెట్టగలం అంటే నా ఓటు జీపీఎస్‌కే. మా పెట్టె దిగుతున్నప్పుడు 12 కిలోమీటర్ల కిందికి రాగానే అది మళ్లీ మేల్కొని రేడియోలో చోటు చెప్పింది కాబట్టే పత్తి చేలో దొరికింది, లేకపోతే ఆ సగం డేటా కూడా దక్కేది కాదు. రెండూ పెట్టగలిగితే రెండూ పెట్టండి.

ప్రెషర్ సెన్సర్ పెట్టేవాళ్లు ముందురోజు డాబా మీద ఒకసారి చూసుకోండి. హైదరాబాద్ ఎత్తుకి 950 హెక్టోపాస్కల్స్ అటూఇటూగా రావాలి. 1013 చూపిస్తోందంటే కోడ్ సముద్రమట్టానికి సర్దేస్తోందన్నమాట, ఆ లైను తీసేయండి.