నేరేడు రంగు పార్కర్ 51: పద్నాలుగేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, ఈ పెన్ను నేను కొన్నది కాదు. 2011లో నెల్లూరు మూలాపేటలో ఉండే ఒక పెద్దాయన ఇచ్చారు. కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. పేరు చెప్పి అడిగితే ఆ వీధిలో సగం మందికి తెలియదు గానీ, పెన్నుల సారు ఇల్లెక్కడ అంటే చిన్నపిల్లలు కూడా వచ్చి గుమ్మం దాకా దిగబెట్టేవాళ్లు. పెన్ను గురించి రాద్దామని కూర్చుంటే ప్రతి పేరాలోకీ ఆయనే వస్తున్నారు. సరే, రానీ అనుకున్నా.

నేను ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. కంప్యూటర్ ఉంది, ఓనరు గారబ్బాయి చూసుకుంటాడు. కానీ రైతు ఎదురుగా కూర్చుని తూకం, తేమ, తరుగు తీసి పుట్టి లెక్క కట్టేది ఇప్పటికీ చిట్టా పుస్తకంలోనే. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. ఆ భాగహారం కాగితం మీద కళ్లతో చూస్తేనే రైతుకు నమ్మకం. సీజన్లో రోజుకు పది పన్నెండు పేజీలు నిండుతాయి. ఇక మిల్లంటే దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. మామూలు పాళీ పెన్ను మూత తీసి పెట్టి ఎవరితోనన్నా రెండు మాటలు మాట్లాడి చూస్తే, పాళీ ఎండిపోయి దాని మీద సన్నటి తవుడు పేరుకుని ఉండేది.

అప్పట్లో నా దగ్గర ఒక హీరో పెన్ను ఉండేది. ఇంకు కక్కుతోందని ఒక షాపులో రిపేరుకిస్తే, అక్కడి కుర్రాడు ముక్కు భాగాన్ని పటకారుతో పట్టి తిప్పి, చుట్టూ గాట్లు పెట్టి, ఇది పనికిరాదు కొత్తది కొనుక్కో అన్నాడు. బయటకొచ్చి ఆ పెన్నును విదిలిస్తూ నిలబడితే వెనక నుంచి వినపడింది: "ఏందబ్బయా, దాని గొంతు పిసికి పారేసినారే!"

అదీ పరిచయం. "రేపు ఇంటికి రా. నువ్వు రోజూ రాసే కాగితం తెచ్చుకో" అని చెప్పి వెళ్లిపోయారు. పెన్ను తెచ్చుకో అనలేదు.

ఆయన బీరువాలో బట్టలకు ఒక్క అరే మిగిలింది, మిగతావన్నీ పెన్నులవే. స్వీటు డబ్బాల్లో గుడ్డ పరిచి, ఒక్కో డబ్బాకు తెల్లకాగితం అంటించి నంబర్లు వేసేవారు. విడిభాగాలన్నీ హోమియో మాత్రల సీసాల్లో. ఒకదాంట్లో పాళీ కింద ఉండే నాలుకలు, ఒకదాంట్లో రబ్బరు గొట్టాలు, ఒకదాంట్లో పొడి చేసిన లక్క. నేను తీసుకెళ్లిన హీరోని పక్కన పెట్టి ముందు చిట్టా కాగితాన్ని వేళ్లతో రుద్ది చూశారు. "ఇది ఇంకు తాగే కాగితం. దీని మీద లావు పాళీ పెడితే అక్షరం ఈత కొడతది." తర్వాత నా చేత నాలుగు లైన్లు రాయించుకుని, కాగితాన్ని వెనక్కి తిప్పి, ఉబ్బిన గీతల మీద వేలు పెట్టి తడిమి నవ్వారు. "మార్కాపురం పలక మీద బలపంతో దిద్దినట్టు దిద్దుతుండావు. పెన్నును తొయ్యబాకబ్బా, పొయ్యేదారిన పోనీ."

ఆ రోజు రాజమండ్రి రత్నం పెన్నొకటి తీసి, బొటనవేలితో గట్టిగా రుద్ది నా ముక్కు దగ్గర పెట్టారు. గంధకం వాసన. ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం బాగా దట్టించి గట్టిపరిచింది, వేడెక్కితే ఆ వాసన బయటపడుతుంది, ప్లాస్టిక్‌కి పడదు అని చెప్పారు. ఎండకు, నీళ్లకు నల్లటి ఎబొనైట్ గోధుమ రంగుకు తిరుగుతుందట. పెన్ను ఎంత నల్లగా ఉందో చూసి, పాత యజమాని దాన్ని కిటికీ పక్కన పెట్టేవాడా సొరుగులో పెట్టేవాడా అని చెప్పేవారు. అది నిజమో, నన్ను ఆడించడమో!

చివర్లో ఈ 51ని చేతిలో పెట్టారు. కంపెనీ వాళ్లు బర్గండీ అన్నారు గానీ, మన లెక్కలో నేరేడు పండు రంగు. మెరుపు లేని స్టీలు మూత, బాణం క్లిప్పు, మేడ్ ఇన్ ఇంగ్లాండ్. పాళీ ఏదండీ అని అడిగాను. నిజంగానే కనపడలేదు, గోరు కొన అంత తప్ప.

"లోపలుంది. త్వరగా ఆరే ఇంకు కోసం చేసిన పెన్ను గదా ఇది. కాగితం మీద త్వరగా ఆరేది పాళీ మీద మాత్రం ఆరకుండా ఉంటదా? అందుకే ముసుగేసినారు."

ఇంత చిన్న సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. 1888లో మొదలైన పార్కర్ కంపెనీకి 51 ఏళ్లు నిండిన 1939లో ఈ నమూనా సిద్ధమైందనీ, అందుకే ఆ అంకె పేరైందనీ, 1941లో అమ్మకానికి వచ్చిందనీ వరసగా చెప్పుకొచ్చారు. ఆ ఇంకులో క్షారం ఎక్కువ. మామూలు పెన్నుల సెల్యులాయిడ్‌ని తినేస్తుంది. అందుకని ఒంటికి లూసైట్ వాడారు. యుద్ధ విమానాల అద్దాలకు వాడిన రకం యాక్రిలిక్కే. 1948 నుంచి లోపల ఏరోమెట్రిక్ పద్ధతి, అంటే గొట్టాన్ని నొక్కి ఇంకు నింపుకునేది, వచ్చింది, నాది అదే. రబ్బరు గొట్టమైతే కొన్నేళ్లకు బంకైపోతుంది, లేదా అప్పడంలా విరుగుతుంది. ఇందులోది ఒక రకం పీవీసీ గొట్టం కాబట్టి ఇన్నేళ్లయినా వేలితో నొక్కితే మెత్తగా వంగుతోంది.

డబ్బులెంత అని అడిగాను. అదొక్కటే ఆయనకు కోపం తెప్పించే ప్రశ్న అని నాకేం తెలుసు? "నేనేమన్నా అంగడి పెట్టినానా?" అన్నారు. షరతు మాత్రం పెట్టారు: ఏటా సంక్రాంతికి పెన్నూ, ఆ ఏడాది చిట్టాలో రాసిన ఒక పేజీ తెచ్చి చూపించాలి. పెట్టెలో దాచినట్టు తెలిస్తే వెనక్కి తీసేసుకుంటానన్నారు.

ఇక వాడకం. మిల్లు దుమ్ముకు దీన్ని మించింది నేను చూడలేదు. మూత తీసి పెట్టి, కాటా దాకా వెళ్లి బస్తాల లెక్క చూసి వచ్చినా మొదటి గీతతోనే రాస్తుంది. మూత తిప్పే పని లేదు, లాగితే వస్తుంది, నొక్కితే కూర్చుంటుంది. ఒకసారి నింపితే నాకు రెండు రోజులు దాటి వస్తుంది.

కానీ తెలుగు రాసేవాళ్లు ఒకటి గమనించుకోవాలి. నాది మీడియం పాళీ. గుండ్రటి అక్షరాలకు, తలకట్లకు హాయిగా తిరుగుతుంది. అంకెలైతే ముత్యాలే. వత్తుల దగ్గరే తంటా. 'నెల్లూరు' వరకు పర్లేదు, 'రాష్ట్రం' అని రాసేసరికి కింద ట వత్తు, ర వత్తు కలిసి ఒక చుక్కైపోతాయి. చిట్టా కాగితం మీద మరీనూ. లైన్ల మధ్య ఇంకాస్త ఎడం వదిలి రాయడం అలవాటు చేసుకున్నాను. ఇంకో ఇబ్బంది, పాళీ కనపడదు కాబట్టి పెన్ను కాస్త పక్కకు తిరిగినా తెలియదు, గీత తెగిపోతుంది. మొదటి నెలంతా విసుగే. ముసుగు మీద నడుం గీతలా ఉండే చిన్న అంచుని బొటనవేలికి గుర్తు పెట్టుకున్నాక కుదురుకుంది. కార్బన్ పెట్టి రాసే కాటా చీటీలకు ఇది ససేమిరా పనికిరాదు, దానికి బాల్ పెన్నే. ఈ మాట సారుతో అంటే మొహం అదోలా పెట్టేవారు. బాల్ పెన్ను పేరెత్తితే ఆయనకు అసలు పడేది కాదు, ఆ విషయంలో కొంచెం అతి.

మే నెలలో, రోహిణి కార్తె ఎండల్లో ఇంకు సగానికి దిగాక చొక్కా జేబులో పెట్టుకుంటే మూత లోపల చెమ్మ కనిపిస్తుంది. గొట్టంలో గాలి ఎక్కువైతే ఒంటి వేడికి అది వ్యాకోచించి ఇంకును తోస్తుందన్నమాట. ఎండాకాలం నిండుగా అన్నా ఉంచు, ఖాళీగా అన్నా ఉంచు, సగంలో మాత్రం పెట్టబాక అని ఆయన చెప్పింది పాటిస్తే చొక్కా బతుకుతుంది. నా చొక్కాలు రెండు పోయాక పాటించడం మొదలుపెట్టాను.

2013లో నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. ఇంకు అయిపోయి, పక్క గదిలో బొమ్మలు గీసే కుర్రాడి దగ్గర నల్లటి బుడ్డి కనిపిస్తే అది నింపేశాను. డ్రాయింగ్ ఇంకు అది. మర్నాటికి పెన్ను రాయిలా బిగుసుకుంది. టెన్షన్‌తో మూలాపేట పరిగెత్తాను, తిడతారేమోనని మెట్ల మీదే అయిదు నిమిషాలు నిలబడ్డాను. ఆయన వాసన చూసి, "లక్క ఇంకు తాగించినావా దీనికి" అని మాత్రం అన్నారు. మూడు రోజులు నీళ్లలో నానబెట్టారు. తర్వాత కోడలి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ముసుగు మీద వేడి గాలి పట్టారు, బుగ్గకు ఆనించి చూసుకుంటూ, మళ్లీ పట్టుకుంటూ. అతుకులోని లక్క మెత్తబడ్డాక సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి వేళ్లతోనే తిప్పారు. పటకారు లేదు. లోపలి నుంచి దువ్వెన పళ్లలాంటి సన్నటి రెక్కలున్న ముక్క బయటికొచ్చింది. ఎక్కువైన ఇంకును పట్టి ఉంచేది అదేనట. ఆ రెక్కల మధ్య నల్లటి పిడచలు. పాత టూత్‌బ్రష్ నా చేతికిచ్చి, "కడుగు. నువ్వు పెట్టిన మురికి నువ్వే తియ్యి" అన్నారు. గంటన్నర కడిగాను. అమ్మగారు తెచ్చిన కాఫీ చల్లారిపోయింది. ఆ తర్వాత ముసుగు మళ్లీ అతికించడం కూడా నా చేతే చేయించారు.

ఇంకు విషయంలో మాత్రం ఆయన మాట వినలేదు. రాయల్ బ్లూ తప్ప వద్దనేవారు, నీళ్లతో తేలిగ్గా కడుక్కుపోతుందని. కానీ చిట్టా మీద చెమట చెయ్యి పడితే రైతు లెక్క కూడా కడుక్కుపోతుంది కదా! నేను బ్లూ బ్లాక్ వాడతాను, నెలకోసారి కడుగుతాను. ఏ ఇబ్బందీ రాలేదు. సంక్రాంతికి పేజీ చూపించినప్పుడల్లా రంగు చూసి ఒక చూపు చూసేవారంతే.

2019 కార్తీక మాసంలో సారు పోయారు. పదకొండో రోజున వెళితే వాళ్లమ్మాయి బీరువా తెరిచి చూపించింది. రెండు వందల పైచిలుకు నంబర్లున్న పుస్తకం ఉంది గానీ, డబ్బాల్లో మిగిలిన పెన్నులు ముప్ఫై ఒకటి. మిగతావన్నీ ఎవరెవరికి వెళ్లాయో పుస్తకంలో రాసి ఉంది. అటెండరు కూతురు, పదో తరగతి. కావలి టీచరు. ఎడమచేతి లాయరు. 87 ఎదురుగా నా సంగతి: 'మిల్లు అబ్బాయి. చెయ్యి బరువు. మీడియం.' కింద వేరే ఇంకుతో, 2016 సంక్రాంతి తేదీ వేసి, 'చెయ్యి తేలికైంది. ఇంకు మార్చడు.'

ఇప్పుడు పెన్ను పరిస్థితి: మూత పట్టు కాస్త వదులైంది, క్లిప్పు మీద గీతలు పడ్డాయి, గొట్టం పసుపు తిరిగింది గానీ పని చేస్తోంది. పాత 51 కొనాలనుకునేవాళ్లు మెరుపు చూసి మోసపోవద్దు. ముక్కును గ్లాసు నీళ్లలో ముంచి గొట్టం నొక్కండి, బుడగలు బలంగా రావాలి. వదిలితే నీళ్లు ఎక్కాలి. ముసుగు అంచుల్లో వెంట్రుకంత పగులు ఉందేమో లైటు కింద తిప్పి చూడండి. ముక్కు చుట్టూ పటకారు గాట్లుంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఈమధ్య కంపెనీ అదే పేరుతో కొత్త పెన్ను తెచ్చింది, దాని మూత మర తిప్పేది. నేను వాడలేదు.

నాది అమ్మను. రాసి చూడాలనుకుంటే సాయంత్రం ఆరు తర్వాత మిల్లుకు రండి. కాగితం మీదే తెచ్చుకోండి.