మాగ చేప గాలానికి ఏది మేలు: తెప్పా, ఫైబర్ బోటా, మొగలో నావా?

సంక్రాంతికి సియాటెల్ నుంచి దిగే బావలూ తమ్ముళ్ళలో కొందరు అక్కడ సాల్మన్ వేట రుచి మరిగి వస్తున్నారు. సామాన్లలో మడత రాడ్డు, రీలు, రంగురంగుల ఎరబొమ్మల డబ్బా. భోగి మంట ఆరకముందే మొదలుపెడతారు: "బావా, మనకీ సముద్రం ఉంది కదా, చిన్న బోటేసుకుని గాలానికి పోదాం. దేని మీద వెళ్తే మంచిది?" శ్రీకాకుళంలోనే ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం టీవీ ముందు గడపడం ఇష్టం లేని కుర్రాళ్ళు కూడా ఇదే అడుగుతున్నారు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్ళకి నది సముద్రంలో కలిసే మొగలో చిన్న నావ మేలు. సముద్రం అలవాటై, కడుపు గట్టిదైతే ఫైబర్ బోటు, అదీ జనవరి నుంచి మార్చి లోపు. తెప్ప మీద వెళ్ళాలన్న ముచ్చట చాలామందికి ఉంటుంది గానీ, దాన్ని నేను ఎవరికీ చెప్పను.

ఈ ఎంపికలో చాలామంది చేపని బట్టి లెక్కేసుకుంటారు. అసలు చూడాల్సింది ఒడ్డుని. సియాటెల్ ముందున్న ప్యూజెట్ సౌండ్ భూమి లోపలికి చొచ్చుకొచ్చిన నీళ్ళు. చుట్టూ నేల అడ్డుండడం వల్ల పెద్ద కెరటాలు ఉండవు. కారు వెనక ట్రైలర్ మీద బోటు తెచ్చి, ర్యాంపు మీంచి నీళ్ళలోకి జార్చి, కాళ్ళు తడవకుండా ఎక్కేస్తారు. మన శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉన్నా దాదాపు అంతా తెరిచి ఉన్న బంగాళాఖాతమే. మన ఊళ్ళలో బోటుని ఇసుక మీంచి నలుగురు తోసి, విరుచుకుపడే కెరటాల మధ్య నుంచి దాటించాలి. వచ్చేటప్పుడు మళ్ళీ అదే వరస. ప్రమాదం ఎక్కువగా ఆ కాస్త దూరంలోనే ఉంటుంది. అవతలికి పోయాక సముద్రం చాలా రోజుల్లో బుద్ధిగానే ఉంటుంది.

చేపల సంగతీ ఒకసారి చూద్దాం. ఫిష్ మార్కెట్ బోర్డుల మీద 'ఇండియన్ సాల్మన్' అని రాసేది మన మాగనే, ముంబైవాళ్ళ రావస్. అసలు సాల్మన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. పసిఫిక్ సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ తను పుట్టిన నదికే ఎదురీదుతుంది. ఏ కాలంలో ఏ దారిన వస్తుందో తెలుసు కాబట్టి అక్కడివాళ్ళు ఆ దారికి అడ్డంగా ఎర లాగుతారు. డౌన్‌రిగ్గర్ అని ఒక చక్రం ఉంటుంది. దాని వైరుకి అయిదు కిలోల దాకా బరువుండే సీసం గుండు కట్టి దించితే, ఎర కావలసిన లోతులోనే ఉండిపోతుంది. బోటు మనిషి నడక వేగంతో కదులుతూ ఉంటుంది.

మాగకి ఇంత హంగామా అక్కర్లేదు. అది లోతుకి పోదు. ఒడ్డు వెంబడి, మట్టి నీళ్ళలో, మొగల చుట్టుపక్కల, కెరటం విరిగే చోటికి కాస్త వెనగ్గా గుంపుగా తిరుగుతుంది. పక్క రెక్కల కింద మీసాల్లాంటి నాలుగేసి పోగులుంటాయి. నీళ్ళు ఎంత మసగ్గా ఉన్నా వాటితో అడుగు తడుముకుంటూ రొయ్యల్నీ చిన్న చేపల్నీ పట్టేస్తుంది. అంటే మాగ కోసం సముద్రం లోపలికి పోవాల్సిన పనే లేదు. నా మొగ్గు నావ వైపు ఉండడానికి సగం కారణం ఇదే.

ఇక తెప్ప. తేలిక దుంగల్ని తాళ్ళతో బిగించి కట్టిన పాతకాలం తెప్పలు తగ్గి, వాటి చోట ఫైబర్‌వి వస్తున్నాయి గానీ, కూర్చునే తీరు మారలేదు. దాని గొప్ప ఏమిటంటే మునగదు. కెరటం పైనుంచి వెళ్ళిపోతుంది, నీళ్ళు సందుల్లోంచి కారిపోతాయి, తిరగబడినా తేలుతూనే ఉంటుంది. ఇంజన్ లేదు, ఖర్చు లేదు, చప్పుడు లేదు. చేపకి ఇంత దగ్గరగా తీసుకెళ్ళేది ఇంకోటి లేదు.

అయితే ఇవన్నీ దాని మీద పుట్టి పెరిగినవాళ్ళకి. తెప్ప దించే ముందు వేటగాడు ఒడ్డున ఊరికే నిలబడి సముద్రాన్ని చూస్తాడు. మనకది బద్ధకంలా కనిపిస్తుంది. పెద్ద కెరటాలు వరసగా కొన్ని వస్తాయి, ఆ తర్వాత కాస్త తెరిపి ఇస్తాయి. ఆ తెరిపి కోసమే ఆ చూపు. పక్కన నిలబడి తొందరపెడితే "ఏటి బాబూ, కెరటం అవనీ, కంగారెందుకు" అంటాడు. ఒక్కసారిగా తోసి, మోకాళ్ళ మీద కూలబడి, తెడ్డు గుచ్చి గుచ్చి వేస్తాడు. ముందు వైపు గాల్లోకి లేస్తుంది, ధబ్బున పడుతుంది, ఇంకోటి లేస్తుంది. ఆ లేచే క్షణంలో వెనకున్న మనిషి బరువు సరిగ్గా ఎటు వాలాలో మాటల్లో చెప్పి నేర్పేది కాదు. రాడ్డు పట్టుకుని కూర్చున్న చుట్టం అక్కడ అడ్డమే. నడుము దాకా తడుస్తాం, ఫోను పోతుంది, కళ్ళజోడు పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తెప్ప తిరగబడితే దుంగ వచ్చి తలకి తగిలే ప్రమాదం ఉంది. ఈత బాగా వచ్చినవాడికీ ఈ భయం తప్పదు. ఫొటో కావాలంటే ఒడ్డున పెట్టిన తెప్ప మీద కూర్చుని దిగండి.

ఫైబర్ బోటు దగ్గరికొస్తే, దాన్ని మెచ్చుకునేవాళ్ళే ఎక్కువ, కారణాలూ ఉన్నాయి. పాతిక ముప్పై అడుగుల పొడవు, వెనక అవుట్‌బోర్డ్ ఇంజన్, నలుగురు కూర్చున్నా గాలం వేసే చోటుంటుంది. కెరటం దాటేటప్పుడు ఇంజన్ బలం తోడు. మాగతో సరిపెట్టుకోకుండా కోనెం కావాలంటే ఇదొక్కటే దారి. తక్కిన జిల్లాలవాళ్ళు వంజరం అనే చేపే ఇది. తెల్లవారుతుండగా ఎర లాగుతూ వెళ్తే, సియాటెల్ తమ్ముడికి తన అలవాటైన వేట ఇక్కడే కనిపిస్తుంది, డౌన్‌రిగ్గర్ ఒక్కటీ తప్ప. కోనెం పళ్ళు బ్లేడులే. గాలానికి ముందు జానెడు ఇనుప తీగ లేకపోతే నైలాన్ తంగూసు తెగి, ఎరబొమ్మ చేప నోట్లోనే సముద్రానికి దానమైపోతుంది.

ఇబ్బందులు కూడా ఇక్కడే ఎక్కువ. ఇంజన్ ఆపి తేలుతూ గాలం వేస్తున్నప్పుడు బోటు పక్కలకి ఊగుతుంది, పైన ఎండ, పక్కన ఇంధనం వాసన, ఎర వాసన. ఆ దెబ్బకి పెద్ద పెద్ద కబుర్లు చెప్పినవాళ్ళు కూడా అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటారు. ముందు రోజు రాత్రి పెళ్ళి భోజనం తిని వెళ్ళకండి, వాంతుల బిళ్ళ అరగంట ముందే వేసుకోండి. ఇంకోటి, ఆ నీళ్ళు ఖాళీవి కావు. తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ వేటకే కేటాయించారు, పెద్ద మరబోట్లు అక్కడికి రాకూడదు. అందుకని మనం తిరిగే చోటంతా ఎవరో ఒకరి వల ఉంటుంది. వల మీదుగా ఎర లాగితే ఊళ్ళో గొడవే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లకి మన తీరానికి వస్తాయి. నీటిపైన తల కనిపిస్తే ఇంజన్ తగ్గించి పక్కకి తప్పుకోవాలి. వాటికి చట్టరక్షణ ఉంది.

ఇక నేను ముందు పెట్టేది, మొగలో నావ. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్ళేపల్లి దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఇసుక మేట లోపలి వైపు నీళ్ళు నిశ్శబ్దంగా ఉంటాయి. కెరటం దాటే పని లేదు. తెడ్డుతో నడిచే చిన్న నావ, దాన్ని నడిపే ఊరి మనిషి, ఒక లంగరు రాయి ఉంటే చాలు. పిల్లల్ని కూడా లైఫ్ జాకెట్ తొడిగి తీసుకెళ్ళొచ్చు. మిగతా రెండిట్లో ఆ మాటే లేదు.

వేళ చూసుకోవడానికి యాప్ కన్నా గోడ మీది క్యాలెండర్ తేలిక. అమావాస్య, పౌర్ణమి చుట్టూ పోటు బాగా ఎక్కుతుంది, నీళ్ళు జోరుగా నడుస్తాయి. అష్టమి, నవమి రోజుల్లో మందకొడిగా ఉంటాయి. మన దగ్గర పోటుకీ, నీళ్ళు వెనక్కి తీసే పాటుకీ తేడా మహా అయితే మీటరున్నర. సియాటెల్‌లో మూడు మీటర్లు దాటుతుంది, అందుకని అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళకి మన పోటు పెద్దగా ఆనదు. కానీ మొగ ఇరుకు, ఆ ఇరుకులోనే నీళ్ళన్నీ దూరాలి. కొత్తవాళ్ళు అష్టమి దగ్గర్లో, పోటు ఎక్కేటప్పుడు వెళ్ళాలి. ఎక్కే నీళ్ళతో మాగ, పండుగప్ప లోపలికొస్తాయి, నావ కూడా ఊరి వైపే కొట్టుకొస్తుంది. పాటు తీసేటప్పుడు లోపలి రొయ్య బయటికి జారుతుంది, మాగ మొగ దగ్గర కాపు కాస్తుంది, వేట ఇంకా బాగుంటుంది. కానీ అప్పుడే బయటికి పోయే నీళ్ళూ లోపలికొచ్చే కెరటాలూ ఢీకొని మొగలో నీళ్ళు తిరగబడతాయి. లంగరు జారితే నావ నేరుగా అందులోకే పోతుంది. పాటు మొదలవగానే గాలం చుట్టేసి, లోపలికి జరిగిపోవడమే మంచిది.

ఎర అంటే బతికున్న రొయ్య. రాడ్డు వద్దనను గానీ, నావలో చేతి గాలమే హాయి. తంగూసు చూపుడు వేలి మీదుగా పోనిచ్చి, చిన్న సీసం గుండుతో అడుగుకి కాస్త పైన ఎరని ఆడించాలి. మాగ ముందు రెండుసార్లు తట్టి చూస్తుంది. ఆ తట్టుకి లాగితే ఎర ఊడొస్తుంది, చేప రాదు. మూడోసారి తంగూసు పక్కకి పరుగెడుతుంది, వేలు కోసుకుపోయేంత జోరుగా. అప్పుడు లాగాలి. ఒకసారి నీళ్ళ పైకి ఎగిరి తల విదిలిస్తుంది, సగం చేపలు అక్కడే విడిపించుకుంటాయి. పళ్ళు కోనెం లాంటివి కావు గానీ పెదవులు గరుకు కాగితంలా ఉంటాయి, రాసుకుని రాసుకుని సన్న తంగూసు పోగులు తేలుతుంది. చివరి మూరెడు లావుది కట్టుకోవాలి.

ఈ మొగ వేటకీ ఓ కాలం ఉంది. జూలై నుంచి అక్టోబరు దాకా వంశధారలో ఎర్రనీళ్ళు, గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారంటే నావ కట్టేసుకోవడమే. డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. ఎండాకాలం ముదిరితే ఇసుక మేటలు పెరిగి మొగ సన్నబడుతుంది.

విజయనగరం జిల్లావాళ్ళకి తీరం తక్కువ, భోగాపురం, పూసపాటిరేగ మండలాలే. కోనాడ దగ్గర చంపావతి మొగ ఉంది, పై మాటలన్నీ దానికీ వర్తిస్తాయి. చింతపల్లి వైపు మాత్రం నా తీర్పు కొంచెం మారుతుంది. అక్కడ సముద్రంలో రాళ్ళున్నాయి, ఆ రాళ్ళని చూసి ఓడలు తప్పుకోవడానికే లైట్‌హౌస్ కట్టారు. రాళ్ళ చుట్టూ పార చేపలు తిరుగుతాయి, గాలానికి గట్టిగా పోట్లాడతాయి. అక్కడికైతే ఫైబర్ బోటే, రాళ్ళ జాడ తెలిసిన ఊరివాళ్ళతోనే.

బోటేదైనా డబ్బు మాట ఒడ్డునే తేల్చుకోండి. బోటాయన తన రోజు వేట మానుకుని మనల్ని తిప్పుతున్నాడు. ఇంధనం ఖర్చొకటే ఇచ్చి "చేపలు నువ్వే ఉంచుకో మావా" అంటే సరిపోదు, ఆ రోజు కూలి కూడా ఇవ్వాలి. వాతావరణానికి ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వాళ్ళ కెరటాల సూచన చూసుకోండి, అక్టోబరు నవంబరుల్లో అయితే కళింగపట్నం పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారో లేదో కూడా. 2018 అక్టోబరులో తిత్లీ చూసిన జిల్లాకి ఇది ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, మెరైన్ పోలీసులు అడిగితే చూపించొచ్చు.

చేప దొరికాక ఏది ఉంచుకోవాలన్నది సియాటెల్‌లో చట్టమే చెప్పేస్తుంది. ముళ్ళు లేని గాలమే వాడాలి, వీపు చివర చిన్న రెక్క కత్తిరించి ఉన్న, హ్యాచరీలో పెంచి వదిలిన చేపని ఉంచుకోవచ్చు, నదిలో సహజంగా పుట్టిన అడవి చేపని చాలా చోట్ల వదిలెయ్యాలి, ఉంచుకున్నదాన్ని వెంటనే కార్డులో రాయాలి. మన మొగలో పక్కన నిలబడి లెక్క చూసేవాళ్ళు లేరు. మాగ ముందు మగదిగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. బాగా పెద్దవన్నీ గుడ్లు పెట్టే తల్లులే. అందుకని ఫొటోకి బాగుండే భారీ మాగని వదిలేసి, పులుసుకి సరిపడే నడిపి సైజువి ఒకటో రెండో ఉంచుకోవడం నాకు నచ్చిన పద్ధతి. పిల్ల మాగలు ఎలాగూ వదిలెయ్యాలి. మా ఇంట్లో ఈ పద్ధతికి మద్దతు లేదు, అది వేరే సంగతి.

ఒక్క చిక్కు ఉంది. అమెరికా పిల్లలకి సెలవులొచ్చేది జూన్‌లో. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. మరబోట్లూ, ఇంజన్ బిగించిన బోట్లూ ఏవీ వేటకి దిగకూడదు, సరదాకైనా సరే, ఫైబర్ బోటువాళ్ళని బతిమాలి ఇరకాటంలో పెట్టొద్దు. ఇంజన్ లేని తెప్పలకీ నావలకీ ఆ నిషేధం లేదు. జూన్ మొదటి వారంలో దిగే బావలకి మొగలో తెడ్డు నావే గతి, నిషేధం ఎత్తేశాక వచ్చేవాళ్ళకి కూడా నైరుతి గాలికి కెరటాలు పెరిగిపోయి ఉంటాయి కాబట్టి, ఫైబర్ బోటు ముచ్చట మళ్ళీ సంక్రాంతికే.