నా ఎంజీబీకి ఎలక్ట్రిక్ ఫ్యాన్, అల్యూమినియం రేడియేటర్: నాలుగు వేసవులు వాడాక

ఆగస్టు సాయంత్రం ఐదున్నరకి డాలస్ టోల్‌వే మీద బండ్లన్నీ ఆగిపోయి ఉంటాయి. బయట 104 డిగ్రీల ఫారన్‌హీట్. అలాంటప్పుడు కూడా నా 1971 ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో టెంపరేచర్ ముల్లు ‘ఎన్’ (నార్మల్) అక్షరం మీద నుంచి కదలట్లేదు. ఆ ఆనందం ఎంతటిదో పాత బండి నడిపేవాళ్లకే తెలుస్తుంది. ఇదివరకు ఇదే రోడ్డులో ముల్లు ‘హెచ్’ (హాట్) వైపు పాకుతూ ఉండేది, నాకు ముందున్న బండి కన్నా ఆ ముల్లే ఎక్కువ కనిపించేది. కంపెనీ ఇచ్చిన ఫ్యాను వాటర్ పంపు పుల్లీకే బిగించి ఉంటుంది కాబట్టి ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. గాలి బాగా కావాల్సింది సరిగ్గా అప్పుడే. దాని బదులు నేను పెట్టిన ఎలక్ట్రిక్ ఫ్యానుకి ఇంజన్ స్పీడుతో పని లేదు. ఈ ఒక్క సుఖానికి ఆ ఫ్యాను కిట్టు మీద పెట్టిన డబ్బంతా వచ్చేసిందని మొదటి వేసవిలోనే అందరికీ చెప్పాను.

ఆ మాట రెండో వేసవిలో కాస్త వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఒక శనివారం సాయంత్రం నేనూ మా ఆవిడా ఫ్రిస్కో హనుమాన్ గుడికి బయల్దేరాం. రెండు సిగ్నళ్లు దాటాక ముల్లు లేచింది. మామూలుగా ఆ వేడికి ముందు నుంచి గుయ్‌మని ఫ్యాను మోత వినిపించాలి. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. "ఏవండీ, ఏదో తియ్యటి వాసన వస్తోంది" అంది మా ఆవిడ. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ వాసన అది. వెంటనే హీటర్ పూర్తిగా తిప్పేశాను. హీటర్‌లోనూ ఓ చిన్న రేడియేటర్ ఉంటుంది కదా, ఇంజన్ వేడి కొంత దాని గుండా బయటికి పోతుంది. ఆ ఎండలో కాళ్ల మీదికి ఆ సెగ కొడుతుంటే మా ఆవిడ పమిట చెంగు మోకాళ్ల మీద కప్పుకుని కూర్చుంది తప్ప ఒక్క మాట అనలేదు. పక్కనే ఒక షాపు పార్కింగ్‌లోకి తిప్పి ఆపేసరికి ఓవర్‌ఫ్లో గొట్టం లోంచి పచ్చటి నీళ్లు తారు మీద ధారగా కారుతున్నాయి.

యాభై నిమిషాలు రేడియేటర్ మూత ముట్టుకోలేదు. చల్లారాక ఫోన్ లైటు వేసి చూస్తే సంగతి తెలిసింది. ఫ్యాను వేసి ఆపే స్విచ్‌కి వేడి చెప్పే ప్రోబ్‌ని ఈ కిట్టులో రేడియేటర్ రెక్కల మధ్య గుచ్చమంటారు. దాన్ని పట్టి ఉంచేది ఒక ప్లాస్టిక్ మూత మాత్రమే. వేడికి ఆ మూత పెళుసుబారి విరిగింది, ప్రోబ్ జారిపోయి తీగకి వేలాడుతోంది. గాలిలో వేలాడే దానికి లోపల నీళ్లు మరుగుతున్నాయని ఎలా తెలుస్తుంది? ఫ్యానుకి కరెంటు వదిలే రిలే ఊడదీసి 30, 87 పిన్నుల సాకెట్లని ఓ చిన్న తీగతో కలిపితే ఫ్యాను తిరిగింది. పోయినన్ని నీళ్లు పోసుకుని అలాగే ఇల్లు చేరాం. గుడికి మరుసటి వారం వెళ్లాం.

ఫ్యానులో ఏ లోపమూ లేదు. నా కోపమంతా ఆ ప్రోబ్ మీదే. మొత్తం కూలింగ్ సిస్టమ్‌ని ఒక ప్లాస్టిక్ ముక్క మీద ఆధారపడేలా చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దాన్ని తీసి పారేసి, పై హోస్ మధ్యలో ఒక లోహపు అడాప్టర్ పెట్టి, నీళ్లలోకి దిగే, మరలు (థ్రెడ్లు) ఉన్న స్విచ్ బిగించాను. అడాప్టర్‌కి రెండు వైపులా రబ్బరే కాబట్టి దానికి ఎర్త్ అందదు, వేరే తీగ లాగాలి. మొదటిసారి అది మర్చిపోయి ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. డాష్ కింద చేత్తో వేసుకునే స్విచ్ ఒకటి, ఫ్యానుకి కరెంటు వెళ్తే వెలిగే చిన్న ఆకుపచ్చ లైటు ఒకటి కూడా పెట్టాను. అప్పటి నుంచి రెండేళ్లుగా ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

ఇక రేడియేటర్. దాన్ని కూడా మొదట్లో తెగ పొగిడాను. మూడో వేసవిలో ఆస్టిన్ వెళ్తుంటే డెబ్బై మైళ్ల వేగంలో ముల్లు మెల్లగా లేచింది. ఆ వేగంలో ఎదురుగాలే చాలు, ఫ్యానుతో పనే లేదు. మరి కొత్త రేడియేటర్ ఉండి ఎందుకు వేడెక్కాలి?

జవాబు విజయవాడ నుంచి వచ్చింది. మా నాన్న ఇరవై ఏళ్లు అంబాసిడర్ నడిపారు. దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, నా బండి 1798 సీసీ ఇంజన్ ఒకే వంశం, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్ ఇంజన్లే. ఫోన్లో విషయం విని, "ఒరే, రేడియేటర్ కొత్తది వేశావు సరే, ఇంజన్ బ్లాకులో మడ్డి తీశావా?" అని అడిగారు. తీయలేదు. బ్లాకు వెనక భాగంలో ఉండే డ్రెయిన్ ట్యాప్ విప్పితే చుక్క నీరు రాలేదు. తీగతో పొడిచాక ఇటుక రంగు బురద ముద్దలుగా జారింది, వేలికి రాసుకుంటే ఇసుకలా గరగరలాడింది. యాభై ఏళ్ల తుప్పు. థర్మోస్టాట్ తీసేసి పైనుంచి పైపుతో నీళ్లు కొట్టి, తేటగా వచ్చేదాకా కడిగాను. రేడియేటర్ పక్కల మిగిలిన సందులకి ఫోమ్ కూడా అంటించాను, లేకపోతే వచ్చే గాలి రేడియేటర్ లోంచి కాకుండా పక్కనుంచి జారిపోతోంది. ఆ తర్వాత హైవే మీద ముల్లు మళ్లీ లేవలేదు.

అందుకే ఇప్పుడు రేడియేటర్‌ని అంత గట్టిగా పొగడలేను. ముందే బ్లాకు కడిగి, పాత ఇత్తడి రేడియేటర్‌కి కోర్ (లోపలి గొట్టాలు, రెక్కల భాగం) మార్పించి ఉంటే అదే సరిపోయేదేమో. పైగా ఇనుప బ్లాకుకి అల్యూమినియం జోడించాక కుళాయి నీళ్లు పోయకూడదు. డిస్టిల్డ్ వాటర్, మంచి కూలెంట్ కలిపి రెండేళ్లకోసారి మారుస్తున్నాను.

నేను శని ఆదివారాలే బండి తీస్తాను, అదీ డాలస్ ఎండలో, ట్రాఫిక్‌లో, పక్కన మా ఆవిడతో. నా వరకైతే ఫ్యాను మళ్లీ కొంటాను. రేడియేటర్ సంగతి బ్లాకు కడిగాకే ఆలోచిస్తాను. చల్లటి ఊళ్లో, పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద నడిపేవాళ్లకి ఈ రెండూ అక్కర్లేదనే అనుకుంటున్నాను. కిట్టు కొంటే మాత్రం రెక్కల్లో గుచ్చే ఆ ప్రోబ్‌ని పెట్టెలోనే వదిలేయండి.