కట్టెపని నేర్చుకోవడానికి తరగతి మేలా, మేస్త్రి మేలా?

మా ఇంటికి వచ్చి వసారాలోని వేప బల్లను చూసినవారిలో సగం మంది, అది నేనే చేశానని తెలియగానే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. సరదాగా కట్టెపని నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లో వారాంతపు తరగతిలో చేరాలా, లేక నల్గొండలోనే ఎవరైనా వడ్రంగి మేస్త్రిని ఆశ్రయించాలా అన్నది ఆ ప్రశ్న. నేను రెండూ చేశాను. ముందు తరగతికి వెళ్లాను, ఆ తర్వాత మేస్త్రి దగ్గర చేరాను. ఈ వరుస తిరగబడి ఉంటే నాకు ఒక బల్ల, కొంత డబ్బు మిగిలేవి.

తరగతికి దక్కవలసిన మెప్పు ముందుగా చెప్పాలి. రెండు శని, ఆదివారాలు కలిపి నాలుగు రోజులు, ప్రతిసారీ పోను వంద, రాను వంద కిలోమీటర్ల ప్రయాణం చేసి, నేను ఒక చిన్న స్టూలు చేసుకుని వచ్చాను. పని మొదలుపెట్టే ముందు బొమ్మ గీసుకోవడం, చెక్కకు ఒక ముఖాన్నీ ఒక అంచునూ ఆధారంగా నిర్ణయించుకుని కొలతలన్నీ అక్కడి నుంచే తీయడం, గీతను పెన్సిలుతో కాక కత్తిమొనతో గీయడం వంటి అలవాట్లు నాకు అక్కడే అబ్బాయి. ఒక చెక్కకు తొలి (రంధ్రం) తీసి, రెండో చెక్క కొనను కుసిగా చెక్కి అందులోకి దిగగొట్టే అతుకులో, కుసి మందం చెక్క మందంలో సుమారు మూడో వంతు ఎందుకు ఉండాలో బోర్డు మీద గీసి మరీ చెప్పారు. తొలి పెద్దదైతే దాని గోడలు పలచబడి పగులుతాయి, కుసి సన్నబడితే అదే విరుగుతుంది. ఇలా కారణం విప్పి చెప్పే ఓపిక మేస్త్రికి ఉండదు. భద్రత విషయంలోనైతే పోలికే లేదు. తరగతిలో గుండ్రటి రంపానికి కాపు తొడిగి ఉండేది, చెక్కను వేలితో కాక కర్రతో తోయమనేవారు, వదులు చేతుల చొక్కాతో వస్తే యంత్రం దగ్గరికి రానిచ్చేవారు కాదు. మా మేస్త్రి షెడ్డులోని యంత్రం మీద ఆ కాపు ఏనాడో ఊడిపోయి, ఇప్పుడు మూలన మేకుల డబ్బాకు మూతగా పనికొస్తోంది.

అయినా నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తేడాను తేల్చేది పాఠం కాదు, చెక్క. తరగతిలో మా చేతికి వచ్చిన పైన్ చెక్క బాగా ఆరినది, నాలుగు వైపులా రందా (చెక్కను చదునుగా చెక్కే పనిముట్టు) పట్టినది, కొలతకు కోసినది. ఉలులు కూడా ఎవరో ముందురోజే నూరి ఉంచారు. మేము చేసిందల్లా గీత గీసి, అతుకు చెక్కి, ఫెవికాల్ పూసి బిగించడం. అది వడ్డించిన విస్తరి. తిన్నంతసేపూ రుచిగానే ఉంటుంది కానీ, ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించాల్సి వచ్చినప్పుడు ఏం చేయాలో తోచదు.

నాకు తోచలేదు. తరగతి ముగిసిన ఉత్సాహంలో సామిల్లుకు వెళ్లి వేప పలకలు కోయించుకుని వచ్చాను. నేల మీద పరిస్తే వాటిలో ఒక్కటీ నాలుగు మూలలా ఆనలేదు. వేప నార ఒక పక్కకు పోయి మళ్లీ ఎదురు తిరుగుతుంది కనుక, పైన్ మీద వెన్నలా నడిచిన రందా ఇక్కడ పెచ్చులు లేపింది. రెండు ఆదివారాలు కుస్తీ పట్టి ఎలాగో చదును చేశాననిపించి, పలకలను అతికి, ఆ పైపలకను కింది చట్రానికి మరమేకులతో అన్ని వైపులా గట్టిగా బిగించేశాను. మే నెల వచ్చింది. నల్గొండ ఎండ నలభై నాలుగు దాటిన రోజుల్లో ఒక మధ్యాహ్నం టప్పుమని శబ్దం వచ్చింది, చూస్తే బల్ల పైపలక ఈ చివర నుంచి ఆ చివర దాకా నెర్రె విచ్చింది.

దాన్ని ఆటోలో వేసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్తే, ఆయన పలకను తట్టి, చట్రం కింద చెయ్యి పెట్టి తడిమి, "కట్టె ఇంకా పచ్చిగనే ఉండె సార్, మీరేమో కదలకుంట కట్టేసిన్రు, అదేం జేస్తది మరి" అన్నారు. చెక్క ఆరే కొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు. అడ్డంగా కదిలే పలకను కదలని చట్రానికి బిగిస్తే పగలక తప్పదు. మరమేకు రంధ్రాన్ని కోలగా తొలిచి, పలకకు కాస్త జరిగే చోటు వదలాలి. ఈ మాట తరగతిలోనూ చెప్పారు, నా నోటు పుస్తకంలో రాసి కూడా ఉంది. అయితే ఆరిన పైన్‌తో చేసిన స్టూలు ఎన్నడూ కదలలేదు కనుక, ఆ మాట నోటు పుస్తకంలోనే ఉండిపోయింది.

మేస్త్రి దగ్గర మొదటి మూడు వారాలు నేను ఏ వస్తువూ చేయలేదు. తడిపిన సానరాయి మీద ఉలిని ఆనించి, వాలు మారకుండా ముందుకూ వెనక్కూ నూరడం, అంచున ముల్లులా లేచిన సన్నటి పొరను వేలితో తడిమి చూసి, ఉలిని తిరగేసి ఆ పొరను తీసేయడం, ఇదే పని. నూరడం అయ్యాక ఆయన ఆ ఉలితో వేప ముక్క కొనను, అంటే నార అడ్డంగా తెగే వైపును, పలచగా చెక్కేవారు. తెగిన చోటు నున్నగా మెరిస్తే తల ఊపేవారు, పొడిపొడిగా నలిగితే మాట్లాడకుండా ఉలిని నా చేతిలో పెట్టేవారు. ఆ తర్వాత పలకను చూడటం నేర్పారు. రెండు తిన్నని బద్దలను పలకకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి నిలిపి, ఒక కన్ను మూసి వంగి చూస్తే, మెలి తిరిగిన పలక మీద దగ్గరి బద్ద వెనక నుంచి దూరపు బద్ద ఒక మూల పైకి లేచి కనిపిస్తుంది. లేచిన మూలను రందాతో దించి, మళ్లీ వంగి చూడాలి. నాలుగో వారానికి సామిల్లు నుంచి తెచ్చిన ఏ పలకనైనా చదును చేయగలనన్న నమ్మకం వచ్చింది. ఇప్పుడు వసారాలో ఉన్న బల్ల ఆ తర్వాత చేసినదే, దాని మీదుగా ఒక మే నెల గడిచింది కూడా.

మేస్త్రి దారిలో ఇబ్బందులు లేవని కాదు. తరగతిలో మిల్లీమీటర్లలో కొలిచి, ఇక్కడ అడుగులు, అంగుళాలు, సూత్‌లలోకి మారడానికి నాకు కొంతకాలం పట్టింది. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు కనుక, ఆయన ఆరు సూత్ అంటే ముప్పావు అంగుళమని వెంటనే తట్టాలి. పాఠం మధ్యలో ఫోను వస్తే ఆయన దర్వాజ బిగించడానికి వెళ్లిపోతారు, మనం కూర్చోవాలి. రోడ్డు పక్క షెడ్డులో రోజూ కూర్చోవడం ఆడవారికి అంత సులువు కాదని ఒక సహోద్యోగిని చెప్పిన మాట కూడా నిజమే, ఆమెకు నేను తరగతినే సూచించాను. ఇక పెళ్లిళ్లు, గృహప్రవేశాలు జోరుగా ఉన్న నెలల్లో ఏ మేస్త్రినీ అడగకపోవడమే మంచిది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, మంచాల పనీ దర్వాజల పనీ తగ్గుతుంది, అప్పుడు అడిగితే కాదనరు.

ఖర్చు సంగతికి వస్తే, తరగతికి కట్టిన రుసుములో మంచి ఉలులు, రంపం, రందా వచ్చేవి, అవి ఇంట్లో మిగిలేవి. మేస్త్రికి మాత్రం ఉచితంగా నేర్పమని అడగకూడదు. మనకు చూపించిన పూట ఆయన పని ఆగుతుంది కనుక ఆ పూట కూలి ఇవ్వడం న్యాయం. నేను అలాగే ఇచ్చాను, ఆయన మొదట వద్దని తర్వాత తీసుకున్నారు.

మిగతా దారుల గురించి రెండు మాటలు చాలు. వీడియోలు అతుకుల రకాలు తెలుసుకోవడానికి పనికొస్తాయి, కానీ మన చెయ్యి వాలు తప్పినప్పుడు అవి ఆపవు. ఐటీఐలోని కార్పెంటర్ కోర్సు జీవనోపాధి కోసం, ఉద్యోగం చేసుకుంటూ వెళ్లడం కుదరదు. ప్లైవుడ్‌తో అలమరలు చేయాలన్నదే కోరిక అయితే ఈ చర్చే అక్కర్లేదు, ప్లైవుడ్ మెలి తిరిగే తలనొప్పి తక్కువ, దానికి తరగతి చక్కగా సరిపోతుంది. అపార్టుమెంటులో ఉంటూ పని చేసుకునే చోటు లేనివారికీ అంతే. ఇంటి వెనక కాస్త నీడ, ఒక గట్టి బల్ల ఉండి, వేపో టేకో తెచ్చి చేయాలనుకునేవారు మాత్రం ముందు మేస్త్రి దగ్గరికి వెళ్లి, చెక్కను చదును చేయడం వచ్చాక తరగతికి వెళ్లాలి. అప్పుడు అక్కడి పాఠం నోటు పుస్తకంలో ఆగిపోదు.

వెళ్లే రోజు సొంత ఉలి ఒకటి, ముప్పావు అంగుళానిది, కొని తీసుకెళ్లండి. మేస్త్రి చెప్పలేక ఊరుకుంటారు కానీ, తన ఉలిని మరొకరి చేతికి ఇవ్వడం ఆయనకు ఇష్టం ఉండదు. నేను మొదటి రోజు అడిగి తీసుకున్నాను, సాయంత్రం ఆయన ఆ ఉలినే మళ్లీ అరగంట నూరుకోవడం చూసి సిగ్గుపడ్డాను.