సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు జాగ్రత్త: "టైమింగ్ బెల్ట్ కొత్తదే" అంటే నమ్మి ఊరుకోకండి, పైకవర్ తీసి గుర్తులు చూడండి

అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి, నాకు జరిగింది ఇంకొకళ్లకి జరగొద్దనే రాస్తున్నా. టైమింగ్ బెల్ట్ అంటే పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌నీ, వాల్వ్‌లు తెరిచే కామ్ షాఫ్ట్‌నీ లెక్క తప్పకుండా కలిపి తిప్పే పళ్ల బెల్ట్.

మూడు వారాల కింద ఒక పెట్రోల్ కారు కొన్నాను. అమ్మినాయన "టైమింగ్ బెల్ట్, టెన్షనర్ మొన్ననే మార్పించాం, మీకు ఇంక ఆ ఖర్చు లేదు" అన్నాడు (టెన్షనర్ అంటే బెల్ట్‌ని బిగువుగా ఉంచే భాగం), బానెట్ కింద బెల్ట్ మార్చినప్పటి కిలోమీటర్లు రాసిన స్టిక్కర్ కూడా ఉంది. బెల్ట్ కొత్తదే, అందులో అబద్ధం లేదు. కానీ ఒక పన్ను తప్పించి వేశారు, అంటే బెల్ట్ పుల్లీ మీద ఉండాల్సిన చోటుకి ఒక పన్ను పక్కన కూర్చుంది.

నేను చూడ్డానికి వెళ్లేసరికి ఇంజన్ అప్పటికే వేడిగా ఉంది, అదే అనుమానించాల్సింది. ఇంటికి తెచ్చాక మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే మామూలుకన్నా చాలాసేపు తిరిగి గానీ స్టార్ట్ కాలేదు, ఐడ్లింగ్‌లో సన్నగా వణుకు, కింది ఆర్‌పీఎంలో అసలు పికప్ లేదు, 3000 దాటితే మాత్రం బాగానే లాగుతుంది. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే పరికరం) పెడితే కోడ్ ఏమీ లేదు గానీ రెడీనెస్ మానిటర్లు (బండి తనని తాను చేసుకునే పరీక్షలు) ఎక్కువ భాగం ఇన్‌కంప్లీట్ అని చూపించింది, అంటే ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేశారు లేదా బ్యాటరీ తీశారు. రెండు రోజులకి పి0016 వచ్చింది, క్రాంక్‌కీ కామ్‌కీ లెక్క కుదరట్లేదని దానర్థం. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో) చూపిస్తే నాలుగు సిలిండర్లూ సమానంగానే ఉన్నాయి, కానీ నాలుగూ తక్కువే. దానికి ఒక మెకానిక్ హెడ్ (వాల్వ్‌లుండే ఇంజన్ పైభాగం) దించాలన్నాడు. రింగులు, వాల్వ్‌లు పోతే సాధారణంగా ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉంటుంది, అన్నీ ఒకేలా పడిపోయాయంటే ముందు టైమింగ్ చూడాలి కదా, కామ్ లేటయితే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుని గాలి వెనక్కి పోతుంది.

హెడ్ జోలికి పోకుండా నేనే చూసుకున్నా. ఇంజన్ చల్లారాక న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, బెల్ట్ పైకవర్ 10 ఎంఎం బోల్టులు విప్పాను, నాలుగు ప్లగ్‌లూ తీశాను. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పొడుగాటి ప్లాస్టిక్ స్ట్రా పెట్టి క్రాంక్ బోల్ట్‌ని స్పానర్‌తో ఇంజన్ తిరిగే వైపే మెల్లగా తిప్పాను. స్క్రూడ్రైవర్ పెట్టకండి, ఇరుక్కుంటే పిస్టన్ గీసుకుపోతుంది. స్ట్రా పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, దిగబోయే చోటే టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోటు. దాటిపోతే వెనక్కి తిప్పొద్దు, బెల్ట్ వదులు టెన్షనర్ లేని వైపుకి వచ్చి గుర్తు తప్పు చూపిస్తుంది, మళ్లీ రెండు రౌండ్లు ముందుకే తిప్పండి. క్రాంక్ రెండు రౌండ్లు తిరిగితే కామ్ ఒక్క రౌండ్, అందుకే కామ్ గుర్తు కింద వైపు ఉంటే ఇంకో రౌండ్ తిప్పాలి. క్రాంక్ పుల్లీ గుర్తునొక్కదాన్నే నమ్మొద్దని స్ట్రా పెట్టాను, కొన్ని పుల్లీల్లో మధ్య రబ్బరు జారి బయటి రింగు పక్కకి తిరిగిపోతుంది.

టార్చ్ వేసి చూస్తే కామ్ పుల్లీ మీద తెల్ల పెయింట్ చుక్క, వెనక కవర్ మీద ఇంకో తెల్ల చుక్క, రెండూ ఎదురెదురుగా చక్కగా ఉన్నాయి. ఒక నిమిషం అంతా కరెక్టే అనుకున్నా. తర్వాత గుడ్డతో తుడిస్తే పుల్లీ మీద కంపెనీ కొట్టిన అసలు గాటు బయటపడింది, అది సరిగ్గా ఒక పన్ను వెనకే ఉంది. నా పుల్లీకి 40 పళ్లు, అంటే ఒక పన్ను కామ్ దగ్గర 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మీరు నడిపాకే జంప్ అయ్యుంటుంది" అన్నాడు. జంప్ అయితే ఆ పెయింట్ చుక్కలు కూడా విడిపోవాలి కదండీ, అవి కలిసే ఉన్నాయంటే మొదట్నుంచీ తప్పే వేశారు. ఫొటో పంపాక ఆయన ఫోన్ ఎత్తట్లేదు.

టెన్షనర్ వదులు చేసి ఆ పన్ను సరిచేయించాక వణుకు పోయింది, సెల్ఫ్ వెంటనే అందుకుంటోంది, కంప్రెషన్ నాలుగింట్లోనూ పెరిగింది. ఇంకో రెండు మూడు పళ్లు తప్పుంటే వాల్వ్‌లు పిస్టన్‌కి తగిలి వంగిపోయేవేమో, తలుచుకుంటేనే భయమేస్తుంది.

చైన్ ఇంజన్ అయితే కవర్ ఇంత తేలిగ్గా రాదు, అప్పుడు క్రాంక్, కామ్ సెన్సార్ల సిగ్నల్ స్కోప్ (సిగ్నల్‌ని గీతగా చూపించే పరికరం) మీద పక్కపక్కన పెట్టి అదే మోడల్ మంచి ఇంజన్ సిగ్నల్‌తో పోల్చి చూడమనండి. వీవీటీ (నడుస్తుండగా వాల్వ్‌ల టైమింగ్‌ని మార్చే ఏర్పాటు) ఉన్న బండికి ఆయిల్ పాతబడినా, వీవీటీ వాల్వ్ ఇరుక్కున్నా పి0016 రావచ్చు, కాబట్టి కోడ్ ఒక్కటే చూసి బెల్ట్ తప్పని తేల్చేయకండి.

కారు చూడ్డానికి పోయేటప్పుడు ఇంజన్ చల్లగా ఉంచమని ముందే చెప్పండి, స్కానర్‌లో రెడీనెస్ చూడండి, డబ్బు ఇవ్వకముందే మీ మెకానిక్‌తో పైకవర్ తీయించండి. పెయింట్ చుక్క కాదు, గాటు చూడండి. కవర్ తీయనివ్వను అంటే ఆ బండి వదిలేయండి.