టెడ్ కూజర్ ‘వింటర్ మార్నింగ్ వాక్స్’: చీకట్లో చూసిన ప్రెయిరీ

అమెరికా మధ్య భాగంలోని ప్రెయిరీ మైదానాల మీద వచ్చిన కవిత్వంలో చాలా భాగం ఆ నేల విస్తీర్ణానికి నివ్వెరపోవడంతోనే మొదలవుతుంది. ఎటు చూసినా గడ్డి, పైన అంతులేని ఆకాశం, ఆ రెంటి నడుమ చిన్నబోయిన మనిషి: పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఎందరో కవులు ఈ దృశ్యాన్నే రాశారు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రెస్ 2000లో ప్రచురించిన అమెరికన్ కవి టెడ్ కూజర్ సంపుటి ‘వింటర్ మార్నింగ్ వాక్స్’లో మాత్రం ఆ మైదానం ఒక మనిషి తెల్లవారుజామున నడవగలిగినంత మేరకే కనిపిస్తుంది. ఆ పరిమితి వల్లనే ఇందులోని నూరు చిన్న కవితలు అంత నమ్మదగినవిగా ఉన్నాయని నాకు అనిపించింది.

పరిమితి ఆయన కోరుకున్నది కాదు. కేన్సర్‌కు శస్త్రచికిత్స, రేడియేషన్ జరిగిన తరువాత, చర్మం ఎండను ఓర్చుకోలేదు కనుక ఏడాదిపాటు ఎండకు దూరంగా ఉండమని వైద్యులు చెప్పడంతో, 1998 శరదృతువులో కూజర్ నెబ్రాస్కా రాష్ట్రంలోని గార్లండ్ దగ్గర తన ఇంటి చుట్టుపక్కల కంకర దారుల మీద పొద్దు పొడవకముందే రోజూ రెండు మైళ్లు నడవసాగారు. అంతకుముందు వేసవిలో చదవడం, రాయడం దాదాపు మానేసిన ఆయన, నవంబరులో ఒక ఉదయం నడిచి వచ్చి కవిత రాశారు. ఆ తరువాత రోజూ రాస్తూ, వాటిని పోస్టుకార్డులకు అతికించి మిత్రుడైన రచయిత జిమ్ హారిసన్‌కు పంపారు. ఒక్క మాట కూడా వృథా కాని ఆ పొదుపు పోస్టుకార్డు నేర్పినదే కావచ్చు.

ప్రతి కవితకూ తేదీయే శీర్షిక. దాని కింద ఆనాటి వాతావరణం గురించి ఒక చిన్న ముక్క. మొదట ఇది అలంకారంలా తోచవచ్చు గాని, గాలికి అడ్డుపడే కొండ గాని అడవి గాని పెద్దగా లేని చోట మనిషి దినచర్యను వాతావరణమే నిర్ణయిస్తుంది. పైగా కోలుకుంటున్న రోగికి మరొక ఉదయాన్ని చూడగలిగానన్న సంగతి ఆ ముక్కలోనే నమోదవుతుంది. భయం, కృతజ్ఞత అనే మాటలను పెద్దగా వాడకుండానే ఆ రెండింటినీ పాఠకుడికి చేర్చిన తీరు ఈ పుస్తకంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది. టార్చిలైటుతో నడిచే మనిషిని చీకట్లోంచి కయోటీ (నక్కలాంటి అడవి జంతువు), రకూన్, చిట్టెలుక, పిచ్చుక గమనించే కవిత ఒకటి ఉంది. ఆ జంతువుల కళ్లకు అతడు చందమామకు గొలుసు కట్టి నడిపించుకుపోతున్నవాడిలా కనిపిస్తాడు. చూసేవాడి స్థానం మైదానానికి దక్కి, మనిషి అక్కడ దృశ్యంగా మారిపోతాడు.

లోపం లేదని అనలేను. కూజర్‌కు ఉపమానం మీద అపారమైన పట్టు ఉంది. వరుసగా ఇరవై ముప్పై కవితలు చదివితే ఆ పట్టే అలవాటుగా మారిన జాడ కనిపిస్తుంది, కొన్ని ముగింపులు ముందే తెలిసిపోతాయి. అలాగే, ఇది పొలాలుగా దున్నేసిన ప్రెయిరీ. ఉత్తర అమెరికాలో ఒకప్పటి ఎత్తుగడ్డి ప్రెయిరీలో నూటికి నాలుగు వంతులైనా మిగలలేదు. నెబ్రాస్కా తూర్పు ప్రాంతం ఒకప్పుడు పానీ, ఓటో అనే ఆదివాసీ ప్రజల భూమి. ఆ చరిత్రను ఆశించేవారు వేరే పుస్తకాలు చూడాలి, ఈ సంపుటి దాన్ని తలకెత్తుకోలేదు.

భాష గురించి జంకనవసరం లేదు. దశాబ్దాలపాటు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తూ, కవిత్వం చదివే అలవాటు లేనివారికి కూడా అర్థం కావాలని రాసిన కవి ఈయన; ఓ మోస్తరు ఇంగ్లీషు వచ్చినవారు నిఘంటువు లేకుండానే చదువుకోగలరు. నవంబరు 9న మొదలై మార్చి 20తో ముగిసే ఈ కవితలను ఒక్క బిగిన కాకుండా, రోజుకు ఒకటి రెండు చొప్పున చదవమని నా సూచన. అప్పుడు పైన చెప్పిన ఉపమానాల అలవాటు కూడా అంతగా బాధించదు. నచ్చినవారు తరువాత 2005లో పులిట్జర్ బహుమతి పొందిన ఆయన ‘డిలైట్స్ అండ్ షాడోస్’ తీసుకోవచ్చు, అయినా మొదట చదవవలసింది ఇదే.