పన్ను కోసం బెజవాడకు మూడుసార్లు

నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్న మనిషితో బేరం మొదలుపెట్టకూడదు. విజయవాడలో ఒక క్లినిక్ వాళ్ళు నాతో అదే చేశారు. నెలన్నర దాటినా ఆ కోపం చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

కుడివైపు కింది దవడ పన్ను. పిప్పి పట్టి ఏడాదైంది. లవంగం అదిమిపెట్టి, మాత్ర వేసుకుని నెట్టుకొచ్చాను. ఒక రాత్రి టీ తాగితే తలలోకి జివ్వున లాగింది, పడుకుంటే సలుపు ఇంకా పెరిగింది. "పీకించేయ్, గొడవ వదులుతుంది" అన్నారు మా ఆయన. నలభై రెండేళ్ళకే దవడ పన్ను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మర్నాడు మధ్యాహ్నం తిరువూరులో బస్సెక్కి మైలవరం మీదుగా బెజవాడ చేరాం. ఆధార్ చూపిస్తే, ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం కింద నాకు టికెట్ డబ్బులు లేవు.

క్లినిక్ బోర్డు మీద రూట్ కెనాల్ (పన్ను పీకకుండా లోపల పాడైన నరం తీసి నింపే వైద్యం) 2,499 అని పెద్ద అక్షరాలు. ఎక్స్‌రేకి 300 తీసుకున్నారు. మత్తు ఇచ్చారు, పెదవి, సగం నాలుక మొద్దుబారాయి, పన్ను తొలిచారు. అప్పుడు డాక్టరు గారు చెయ్యి ఆపి, "మేడం, మీ పన్నుకు మూడు కాలువలు. బోర్డు మీది రేటు ఒక్క కాలువకే. పన్ను మీద తొడిగే క్యాప్ 9,500, అడ్వాన్సు ఇప్పుడే కట్టాలి" అన్నారు. మొత్తం 16,997. కింది దవడ పన్నుకు మామూలుగా మూడు కాలువలు, అంటే వేళ్ళలో నరం ఉండే సన్నటి దారులు, ఉంటాయి, అది వాళ్ళకు తెలియని సంగతి కాదు. తొలవకముందు చెప్పొచ్చు కదా! నాకు మాట రావడం లేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన లోపలికొచ్చి ఒక్కటే మాటన్నారు: "మూసేయండి, వెళ్ళిపోతాం." తాత్కాలికంగా సిమెంటు పెట్టి 2,800 వసూలు చేశారు. ఎక్స్‌రే ఇవ్వమంటే రెండుసార్లు అడిగించుకుని ఇచ్చారు. మీరూ తప్పకుండా అడిగి తీసుకోండి, డబ్బు కట్టింది మనం.

చీకటి పడింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది 1,100. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గీజరు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే అట. ఉప్పునీళ్ళు పుక్కిలించాలి, కాసిని వేడినీళ్ళు ఇప్పించమంటే జగ్గుకు 30 అన్నారు. దుప్పటి అడిగితే 50. పంటి నొప్పితో ఉన్న మనిషి దగ్గర వేడినీళ్ళకు డబ్బు తీసుకునే చోట మళ్ళీ అడుగుపెట్టను. మా ఆయన క్లినిక్ దగ్గర్నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు, ఆకలితో ఇంకా ముడుచుకుపోయారు.

ఆ రోజు మమ్మల్ని ఆదుకుంది గవర్నరుపేట సందులో ఒక చిన్న మెస్. భోజనం 110. నాకు పెరుగన్నం చాలన్నాను. వడ్డిస్తున్న పెద్దావిడ నా బుగ్గ చూసి, "మత్తు దిగిందా అమ్మాయ్? దిగకుండా తింటే బుగ్గ కొరుక్కుంటావు. మా చిన్నాడు రక్తం వచ్చేట్టు కొరుక్కున్నాడు" అంది. దిగిందన్నాక అన్నం, ముద్దపప్పు, నెయ్యి వేసి మెత్తగా పిసికి, చల్లారాక తెచ్చింది. పక్కన ఆవకాయ ఊట మాత్రం ఒక చుక్క. రెండు రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. మా ఆయన రెండోసారి పప్పు వేయించుకుని అప్పుడు నోరు విప్పారు. ఆవిడ నా దగ్గర 60 మాత్రమే తీసుకుని, వాళ్ళబ్బాయికి ఏ డెంటల్ కాలేజీలో చేయించిందో, ఏ ఆటో ఎక్కాలో చెప్పింది.

పొద్దున్నే ఆ కాలేజీకి వెళ్ళాం. ఓపీ చీటీ 50, ఎక్స్‌రేలు 150. రూట్ కెనాల్ 1,800, క్యాప్ 2,500 అని గోడ మీదే రాసి ఉంది. నన్ను చూసింది పీజీ చదువుతున్న అమ్మాయి. "ఆంటీ, నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, వెంటనే ఆపేస్తాను" అంది. రెండుసార్లు ఎత్తాను, రెండుసార్లూ ఆపింది. వాచిన నరానికి మత్తు త్వరగా ఎక్కదని చెప్పి మరో ఇంజెక్షన్ ఇచ్చింది. ఆ మందుకు గుండె కాసేపు దడదడలాడుతుందని ముందే చెప్పింది, కాబట్టి టెన్షన్ పడలేదు.

పంటి చుట్టూ రబ్బరు గుడ్డ కడతారు. సన్నటి సూదుల్లాంటి ఫైళ్ళతో కాలువలు గీకుతారు, వేరు చివర ఎక్కడుందో ఒక మెషీన్ కూతపెట్టి చెబుతుంది. కడిగే మందు వాసన, పంచాయతీ వాళ్ళు బావిలో బ్లీచింగ్ వేసిన రోజు వచ్చే వాసనే. రెండు గంటలు నోరు తెరిచే ఉండాలి. ఆ రోజు నాకు నిజంగా నొప్పి పుట్టింది పన్ను కాదు, దవడ కీలు. ఆ అమ్మాయి ఓపికగా వెతికి నాలుగో కాలువ పట్టుకుంది. ప్రొఫెసర్ గారు వచ్చి చూసి ఆమె భుజం తట్టారు. నాకూ గర్వంగా అనిపించింది. అదొక్కటి వదిలేసి ఉంటే లోపల చీము పట్టే ప్రమాదం ఉండేది.

వాపు, జ్వరం లేవు కాబట్టి యాంటీబయాటిక్ రాయలేదు, నొప్పి మాత్రే. మూడు రోజులు ఆ పన్ను ఆనిస్తే నొప్పి, తర్వాత తగ్గింది. వారం తర్వాత రెండోసారి వెళ్తే గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో కాలువలు నింపారు. మూడోసారి క్యాప్. నొప్పి పోయిందిగా, క్యాప్ ఎందుకని మా ఆయన అడిగారు. లోపల తొలిచిన దవడ పన్ను నమిలే ఒత్తిడికి నిలువునా చీలితే పీకడం తప్ప దారి లేదని ఆ అమ్మాయి ఎక్స్‌రే మీద చూపించింది. క్యాప్ డబ్బులు మిగుల్చుకోవాలని మాత్రం చూడకండి.

కాలేజీలో నాకైంది 4,500. ఒక్క రోజే సెలవు దొరికేవాళ్ళకు ఆ చోటు కుదరదు, పొద్దంతా పోతుంది. వాళ్ళు మంచి క్లినిక్ చూసుకోవడమే నయం, అలాంటివీ ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా కుర్చీ ఎక్కేముందే కాలువలన్నీ, క్యాప్, ఎక్స్‌రేలు కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

ఆరు నెలల తర్వాత ఒకసారి వచ్చి ఎక్స్‌రే తీయించుకోమన్నారు. ఈసారి లాడ్జి జోలికి వెళ్ళకుండా తిరువూరులో తొలి బస్సు పట్టుకుంటాం. మధ్యాహ్నం భోజనం మెస్‌లోనే అని మా ఆయన ఇప్పటికే తేల్చేశారు.